విస్తరి దాటని కోనసీమ యాత్ర

గౌతమి, వసిష్ఠ అనే గోదావరి పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ముక్కోణపు లంకభూమిని కోనసీమ అంటారని భూగోళ పుస్తకాలు చెబుతాయి. ఆ నిర్వచనం అసంపూర్ణమని, మొన్నటి సంక్రాంతికి భార్యాపిల్లలతో నాలుగు రోజులు అక్కడ గడిపి వచ్చిన అనుభవంతో సవినయంగా మనవి చేస్తున్నాను. మూడు పక్కలా నీళ్లు, నట్టనడుమ మా బంధువులు ఉన్న భూభాగమది. నీళ్లు దాటడానికి వంతెనలున్నాయి.

హైదరాబాదులో రైలెక్కేముందే నేనొక ప్రణాళిక రాసుకున్నాను. ర్యాలిలో ముందు కేశవుడిగానూ వెనుక మోహినిగానూ దర్శనమిచ్చే ఏకశిలా విగ్రహం, ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే ఒడుపు, దిండిలో పడవ షికారు, కనుమనాడు ఎత్తైన వెదురు ప్రభల మీద దేవుళ్లను మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం, చివరగా అంతర్వేది సాగర సంగమం. రాజమండ్రిలో దిగి కారు మాట్లాడుకుని రావులపాలెం చేరేసరికి, అక్కడ కాచుకుని ఉన్న మా మావయ్య కారెక్కి, ఆ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, "ఆయ్, బాగుందిరా" అని మెచ్చుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. దాన్ని మళ్లీ నేను చూడలేదు. దాని స్థానంలో ఆయన తమ ప్రణాళికను నోటితోనే ప్రకటించారు. ప్రభల తీర్థానికి తరలివచ్చే ఏకాదశ రుద్రులకు ఏమాత్రం తగ్గకుండా, అందులో పదకొండు ఇళ్లున్నాయి.

ఈ ఇళ్లను ఏ వరసలో దర్శించాలన్నది దూరాన్ని బట్టి గాక వరసను బట్టే నిర్ణయమవుతుందని తెలియని నేను, దారిలోనే ఉంది గదా అని చిన్నత్తయ్య ఇంటి ముందు కారు ఆపమన్నాను. పెద్దత్తయ్య ఇంట చెయ్యి కడగకుండా చిన్నత్తయ్య ఇంట కాఫీ తాగితే ఎంత అనర్థం వాటిల్లుతుందో మావయ్య పది నిమిషాలపాటు ఉదాహరణలతో వివరించారు. మా తాతగారి హయాంలో ఒక పెళ్లిలో మొదటి బంతికి పిలవలేదన్న కారణంగా ఈనాటికీ మాటలు లేని రెండు కుటుంబాలను చూపించారు కూడా. రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే.

ఇక భోజనాల విషయం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి ఈ డెల్టాను ధాన్యాగారంగా మార్చినందుకు కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు నిలిపి దండలు వేయడం న్యాయమే గానీ, అలా పండినదంతా ఒక్క అతిథి చేత ఒక్క పూటలో తినిపించాలన్న సంకల్పంలో ఆయన పాత్ర ఎంతో చరిత్రకారులు తేల్చవలసి ఉంది. ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, గుమ్మడికాయ పులుసు, బొబ్బట్లు ఒక ఇంట ముగించి, గంట తిరక్కుండా మరో ఇంట అవే మొదలుపెట్టాలి. "ఇప్పుడే తిన్నామండీ" అన్న మాటను ఈ సీమలో వాంగ్మూలంగా స్వీకరించరు. "అంత దూరం నుంచి వచ్చి ఎంగిలి పడకుండా వెళ్తారాండీ" అని ఇల్లాలు గుమ్మంలో నిలబడితే, ఆ "అండీ"లోని మర్యాద వారెంటు కన్నా బలమైనది. ధవళేశ్వరంలో నీటిని ఆపడానికి గేట్లున్నాయి. మా పెద్దత్తయ్య నేతిగిన్నెకు లేవు. మురమళ్లలో వీరేశ్వరస్వామికి నిత్య కల్యాణం జరుగుతుందని వినడమే గానీ వెళ్లలేకపోయాము. ఆ లోటు తెలియకుండా పెద్దత్తయ్య, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి భోజనాల మధ్యలో మూడు సంబంధాలు చెప్పింది.

కనుమనాడు జరిగినది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. గంగలకుర్రు ప్రభలను నిండు కాలువలోంచి భుజాల మీద దాటిస్తారే, అది చూడాలని నాకు చిన్ననాటి నుంచీ కోరిక. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థమే ఢిల్లీ కర్తవ్య పథంలో ఊరేగింది. అంతదూరం వెళ్లగలిగిన ప్రభలు, కారులో అరగంట దూరాన ఉన్న నా దాకా రాలేకపోయాయి. మేము ఏడో ఇంట రెండో బంతిలో ఉన్నాము. పక్క విస్తరి ముందు కూర్చున్న కుర్రవాడు తన ఫోనులో ప్రత్యక్ష ప్రసారం పెట్టి, పులుసు అంటకుండా మోచేత్తో నా వైపు జరిపాడు. ప్రభ నీళ్లలో దిగే సమయానికి మజ్జిగ వచ్చింది.

అన్నట్టు, కోనసీమకు వచ్చిన ప్రతి నగరవాసీ కారు అద్దంలోంచి కొబ్బరిచెట్లను చూసి "అచ్చం కేరళ" అంటాడు. నేనూ అన్నాను. మా చిన్నత్తయ్య ఎంతో సంతోషించి, గోడ మీది ఫోటో చూపించింది. కిటికీ తెరిస్తే కాలువ, కాలువ గట్టున కొబ్బరితోట ఉన్న ఆ కుటుంబం, రెండేళ్లు చిట్టీ కట్టి, అలెప్పీ వెళ్లి, కాలువలో పడవెక్కి కొబ్బరితోట చూసి వచ్చింది. ఎప్పుడో 2000–01లో అనుమతి వచ్చిన కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పూర్తికాలేదని అమలాపురంలో అందరూ వాపోతుంటారు. నాకు మాత్రం, ఆ జాప్యం వెనుక మా వంటి దూరపు బంధువుల పట్ల ప్రభుత్వానికి ఏదో కరుణ ఉన్నదనిపించింది.

నాలుగో నాటి మధ్యాహ్నం, మావయ్య కునుకు తీస్తున్న వేళ, మేము చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడి అంతర్వేదికి పారిపోయాము. వసిష్ఠ సముద్రంలో కలిసే చోటును అక్కడివారు అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. నదీ సముద్రాలకు కూడా చుట్టరికం లేని పేరు ఈ సీమలో దొరకలేదన్నమాట. మా అమ్మాయి నీళ్లలో అడుగు పెట్టిందో లేదో, ఒడ్డున నిలబడి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన ఒకరు నన్ను పరకాయించి చూసి దగ్గరకు వచ్చారు.

"తమరు మాస్టారి మేనల్లుడు కాదాండీ? ముక్కు చూసి పోల్చేశానండీ. మా ఇల్లు సఖినేటిపల్లిలోనేనండీ, దారిలోనే."

పన్నెండో ఇంట పనసపొట్టు కూర చాలా బాగుంది.