గుండుసూది దొరకని రాత్రి

రేపు ఆట. ఇరవై మంది జర్మన్ బొమ్మ సైనికుల్లో పది మందికి యూనిఫాం వేసేసరికి రంగు సీసా ఖాళీ అయింది. అదే మళ్ళీ కొందామంటే కంపెనీవాళ్ళు దాన్ని తయారు చేయడం మానేశారట. దానికి సరిసమానం అని ఇంకో కంపెనీవాళ్ళది తెప్పించాను. ఇప్పుడు సగం సైన్యం ఒక రంగు, సగం ఇంకో రంగు. కథ ఇంతే. మిగతాదంతా నా చెవి గురించి.

ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇవి బల్ల మీద యుద్ధాలు ఆడుకునే బొమ్మలు. ఒక్కోటి 28 మిల్లీమీటర్లు, అంటే దాదాపు బొటనవేలి మొదటి కణుపంత. నావి 1914 నాటి కాల్బలం. నెత్తిన ముల్లు టోపీ, దాని మీద గుడ్డ తొడుగు, వీపున సంచి. వాళ్ళ యూనిఫాం రంగు పేరు ఫెల్డ్‌గ్రావ్. 'గ్రావ్' అంటే బూడిదరంగు. పేరుకే బూడిద, చూస్తే అందులో ఆకుపచ్చ ఉంటుంది. ఎంత ఉంటుందంటే ఎవరి మాట వాళ్ళదే. ఆ రోజుల్లో ఒక మిల్లు బట్ట ఇంకో మిల్లు బట్టతో కలిసేది కాదు, ఉన్న రంగు కాస్తా ఎండకీ వానకీ వెలిసిపోయేది. అలాంటిదాన్ని సీసాలో పోసి, 'ఇదే అసలు రంగు' అని చీటీ అంటించే ధైర్యం ఈ కంపెనీలకి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలియదు.

నా ఫ్రెండుకి ఈ బాధ లేదు. వాడిది ఫ్రెంచి సైన్యం. 1914లో వాళ్ళు ఎర్ర ప్యాంట్లతోనే యుద్ధానికి వెళ్ళారు. శత్రువుకి అంత దూరం నుంచే కనిపించే బట్టలు. వేసుకున్నవాళ్ళ సంగతేమోగానీ, రంగులు వేసేవాడికి మాత్రం ప్రాణం హాయి. "ఎరుపంటే ఎరుపేరా" అంటాడు, కాలు మీద కాలేసుకుని.

'సమాన రంగుల పట్టిక' అని ఒకటుంది. ఎవరు రాశారో తెలియదు, అందరూ నమ్ముతారు. ఎడమ పక్క మనకి దొరకని రంగు, కుడి పక్క దొరికే రంగు, మధ్యలో 'దగ్గరి పోలిక' అనే మాట. ఎంత దగ్గర? పసిబిడ్డని చూసి 'అచ్చం మేనమామే' అంటారే, అంత దగ్గర. పోనీ పేర్లు చూసి పోల్చుకుందామంటే కొందరు రంగుకి రంగు పేరు పెట్టరు. ఏదో రాక్షసుడి నెత్తురు, ఏదో వీరుడి ఎముక. ఏ ఎముక? ఎన్నాళ్ళు ఎండింది? మూత రంగు చూసి కొనడం ఇంకా నేరం. మూత ప్లాస్టిక్‌ది, దానికి లోపలి సరుకుతో చుట్టరికం లేదు.

తడి చుక్కని ఆరిన బొమ్మ పక్కన పెట్టి పోల్చకూడదు. యాక్రిలిక్ రంగులో ఉండే బంక తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక గాజులా తేటపడుతుంది. అందుకే ఆరిన రంగు ఓ మెట్టు ముదురుగా కనిపిస్తుంది. ఈ ముక్క నేను కనీసం నలుగురికి పాఠం చెప్పినట్టు చెప్పాను. కాబట్టి బుధవారం రాత్రి బుద్ధిగా ఆరబెట్టి, ఆరాకే పోల్చాను. టేబుల్ లైటు కింద కవల పిల్లల్లా ఉన్నాయి రెండూ. పది మందికీ వేసేశాను. పొద్దున్నే కిటికీ దగ్గర పెడితే కొత్త పది మందీ పాచి పట్టినంత ఆకుపచ్చగా ఉన్నారు. ఒక వెలుతురులో ఒకేలా ఉన్న రెండు రంగులు ఇంకో వెలుతురులో విడిపోవడాన్ని మెటామెరిజం అంటారు. పేరు తెలిసినంత మాత్రాన రోగం తగ్గదు కదా.

ఫ్రెండుకి ఫోన్ చేసి, "ఆ పది మందీ యేగర్లురా, యేగర్ల యూనిఫాంలో ఆకుపచ్చ ఎక్కువుంటుంది" అన్నాను. యేగర్లంటే జర్మన్ సైన్యంలోనే ఓ ప్రత్యేక కాల్బలం. ఇది నిజమే, నేను కల్పించింది కాదు. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "యేగర్లైతే నెత్తిన ముల్లు లేని షాకో టోపీ ఉండాలిగా? ముల్లెందుకుంది?" అన్నాడు. ఎర్ర ప్యాంట్లవాడు నా టోపీలు లెక్కపెడుతున్నాడు.

ఇక నిన్న రాత్రి. సొరుగులో అట్టడుగున ఒక పాత డ్రాపర్ సీసా దొరికింది. ఎప్పుడో అడుగూబొడుగూ మిగిలిన రంగులన్నీ నేనే అందులో కలిపినట్టున్నాను. మీద నా చేతిరాతతో 'బూడిద, బాగుంది' అని ఉంది. ఏమేం కలిపానో మాత్రం రాసుకోలేదు. సీసా తలకిందులు చేసి నొక్కితే ఏమీ రాలేదు. సీసా ముక్కులో రంగు గడ్డకట్టింది. ఇలాంటప్పుడు గుండుసూదితో పొడవాలని ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. ఇంట్లో గుండుసూదికి ఒక స్వభావం ఉంది. అక్కర్లేనప్పుడు అరికాలికి దొరుకుతుంది. పన్నెండింటికి నేను మూడు సొరుగులూ, కుట్టుమిషను పెట్టే, పాత చొక్కాల అట్టలూ వెతికాను. ఒక్క సూది లేదు.

కాబట్టి నొక్కాను. మొదట రెండు వేళ్ళతో. తర్వాత పిడికిలితో. సీసా లోపల ఏదో కదిలిన శబ్దమైంది. అప్పుడు నేను చేసిన పనిని వివరించాలంటే సిగ్గుగా ఉంది. దాన్ని లైటు వైపు ఎత్తి, ముక్కు లోపలికి తొంగి చూశాను. గొట్టంలోకి తొంగి చూడకూడదని బల్ల మీదున్న ఇరవై మందికీ తెలుసు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి తుపాకులే. అయినా నాకెవరూ చెప్పలేదు. తొంగి చూస్తూనే రెండు చేతులతో నొక్కాను.

'టప్' మంది. గడ్డ ఒక్కటే రాలేదు, ముక్కు మొత్తం ఊడి వచ్చి కళ్ళజోడుకి తగిలింది. దాని వెనకాలే రంగంతా. ఒక సైనికుడి యూనిఫాంకి రెండు మూడు చుక్కలు చాలు. ఆ లెక్కన ఒక చిన్న దండుకి సరిపడా రంగు నా ముఖానికి ఒక్క విడతలో అందింది. కళ్ళద్దాలు, ఎడమ కనుబొమ్మ, కాలరు, గోడ. సరే, ఇవన్నీ ఎదురుగా ఉన్నాయి, అర్థముంది. ఎడమ చెవి వెనకాలకి ఎలా వెళ్ళింది? నేను ముందుకే కదా చూస్తున్నాను! రంగు కనుబొమ్మ దగ్గర మలుపు తీసుకుని, చెవి చుట్టూ తిరిగి, తమ్మె మీద ఆగిందంటే దానికి దారి ముందే తెలిసి ఉండాలి. బొమ్మల మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. రంగు కావాల్సింది వాళ్ళకి.

ముఖం కడుక్కున్నాను. చెవి సంగతి గుర్తులేదు. యాక్రిలిక్ తడిగా ఉన్నంతసేపే నీళ్ళకి లొంగుతుంది, ఆరితే ప్లాస్టిక్కే. నేల మీద పడిందంతా పొద్దున్నే అక్క తుడిచేసి, గుడ్డ ఉతికి ఆరేసింది కూడా. కాఫీ గ్లాసుతో వచ్చి, "ఒరేయ్, చెవికి బూజు పట్టిందేంట్రా?" అంది.

గోటితో గీరితే చిన్న పొరలా ఊడొచ్చింది. ఊరికే, నిజంగా ఊరికే, దాన్ని మొదటి పది మందిలో ఒకడి వీపుకి ఆనించి చూశాను. ఎక్కడ కోటు ఉందో, ఎక్కడ నా చెవి ఉందో తెలియలేదు. కిటికీ దగ్గర చూశాను, కలిసింది. టేబుల్ లైటు కింద చూశాను, కలిసింది. సీసాలో చుక్క లేదు. గుడ్డలో లేదు. గోడ మీద పడింది సున్నం పీల్చేసుకుని వేరే రంగైపోయింది.

పది నిమిషాల క్రితం ఫ్రెండు ఫోన్ చేసి, "రంగు దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను. "ఏ కంపెనీది?" అన్నాడు. నేను ఫోన్ కుడి చెవికి మార్చుకున్నాను.

ఇప్పుడు ఆ ఎడమ చెవి మీద మిగిలిందాన్ని అద్దంలో చూసుకుంటూ, కొత్త సీసాల్లోని రంగులు కలిపి దాంతో పోల్చుకుంటున్నాను. ఒక చుక్క నలుపు, అర చుక్క పచ్చ. దాదాపు వచ్చింది. అక్క పాత టూత్‌బ్రష్షూ సబ్బూ పట్టుకుని ఇటే వస్తోంది.