సంచిలో ఏముంది నాయనా?

కాలువ పనులంటూ మా గేటు ముందు నడుం లోతు గొయ్యి తవ్వి వెళ్లినవాళ్లు మళ్లీ అటు తొంగి చూడలేదు. విజయవాడ సత్యనారాయణపురంలో సొంతిల్లు ఉండీ వీధిలోకి దారి లేనివాణ్ణయ్యాను. పక్కింటి పిన్నిగారు జాలిపడి, పిట్టగోడ దాటి వాళ్ల వాకిట్లోంచి వెళ్లమన్నారు.

కెనడాలో ఉన్న బావమరిదికి ఫోన్లో చెప్పుకుంటే పడీపడీ నవ్వాడు. "బావా, మీది అచ్చం క్యాంపోబెల్లో కథ!"

అది కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రానికి చెందిన దీవి. అమెరికా ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్‌కి అక్కడ వేసవి విడిది ఉండేదట. 1962లో వంతెన కట్టారు గానీ అది అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని లూబెక్‌లో తేలుతుంది. అంటే కారులో సొంత దేశంలోకి పోవాలన్నా ముందు అమెరికాలో దూరి, మళ్లీ కెనడాలోకి రావాలి. వేసవిలో మాత్రం ఫెర్రీ ఉంటుంది. వాళ్ల ఉత్తరాలు కూడా అమెరికా మీదుగానే రావాలి. అక్కడి కస్టమ్స్‌వాళ్లు కొన్ని విప్పి చూశారని పెద్ద గొడవే అయిందట.

మా పిన్నిగారు వాళ్లకేం తీసిపోరు. వాకిట్లో కుర్చీ వేసుకుని "సంచిలో ఏముంది నాయనా?" అనేవారు. వంకాయలైతే కిలో ఎంతో అడిగి, ఎంత చెప్పినా "మోసపోయావు" అని ముద్ర కొట్టి పంపేవారు.

ఆదివారం మా ఆవిడ కొరమీను తెమ్మంది. పిన్నిగారింట్లో వెల్లుల్లి కూడా ముట్టరు. అందుకని చేపని గోంగూర కట్టల కింద దాచాను. "బతికుంది, చూస్కో బాబూ" అని చేపలావిడ గొప్పగా చెప్తే, పులుసు బావుంటుందని సంబరపడ్డానే తప్ప కొరమీను నీళ్లు లేకపోయినా గాలి పీల్చుకుని చాలాసేపు బతుకుతుందన్న సంగతి తట్టలేదు.

"సంచిలో ఏముంది నాయనా?"

"గోంగూర, పిన్నిగారూ."

"గోంగూర కదులుతోందేం?"

జవాబు వెతుక్కునేలోపే చేప బయటికి దూకింది. పొద్దున్నే పెట్టిన పద్మాల ముగ్గుని తోకతో చెరిపేసి, తులసికోట చుట్టూ సగం ప్రదక్షిణ చేసింది. పిన్నిగారు కుర్చీ ఎక్కారు. నేను తువ్వాలుతో దాని వెంట పడ్డాను.

మధ్యాహ్నానికల్లా పిట్టగోడ మీద ముళ్ల గులాబీ కుండీలు వరసగా వెలిశాయి. వీసా రద్దు.

సాయంత్రం గొయ్యి మీద నిచ్చెన అడ్డంగా వేశాను. మన ఫెర్రీ అన్నమాట. వెళ్లేటప్పుడు బాగానే మోసింది. పెరుగు ప్యాకెట్లతో తిరిగొస్తుంటే రెండో మెట్టు దగ్గర జారి, నడుం దాకా బురదలో దిగబడ్డాను. నా అరుపులకి వచ్చింది పిన్నిగారే. చెయ్యి చాపబోయి, మళ్లీ వెనక్కి లాక్కున్నారు.

"ముందు ఆ సంచి చూపించు నాయనా."