రాయిగా పుట్టకపోవడం పెంగ్విన్ తప్పు

అంటార్కిటికాలో దేనికైనా రక్షణ దొరకాలంటే అది ముందుగా ఎవరికీ పనికిరానిదై ఉండాలి. ఈ నియమం ఏ ఒప్పందంలోనూ రాసి లేదు. అయినా రాసి ఉన్న నియమాలన్నిటికంటే దీన్నే దేశాలు భక్తిగా పాటిస్తున్నాయి. ఆ ఖండపు తూర్పు తీరంలో స్టోర్నెస్ అనే చోటి రాళ్లకు ఈ సంగతి తొందరగా తెలిసింది. ఎంపరర్ పెంగ్విన్‌కు తెలియలేదు. అది పక్షి గనక కొంత మన్నించవచ్చు.

ముందు రాళ్ల సంగతి. తూర్పు అంటార్కిటికా తీరంలో లార్స్‌మన్ హిల్స్ అని ఒక చోటు ఉంది. మంచు కప్పని రాతినేల అక్కడ సుమారు 40 చదరపు కిలోమీటర్లు, నూట యాభై దాకా మంచినీటి చెరువులు. ఖండమంతా కలిపితే కోటీ నలభై లక్షల చదరపు కిలోమీటర్లు. అంత ఖండంలో చైనా ఝాంగ్‌షాన్, రష్యా ప్రోగ్రెస్, ఆస్ట్రేలియా రొమేనియాల లా-రకోవిత్స, 134 కంటైనర్లతో కట్టి 2012 మార్చిలో ప్రారంభించిన మన భారతి, అన్నీ వచ్చి ఈ గుప్పెడు నేల మీదే కూర్చున్నాయి. తప్పు పట్టలేం. మంచు మీద కడితే ఇల్లు కూరుకుపోతుంది. మన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రికి అదే గతి పట్టింది. పునాదికి రాయి, తాగడానికి నీళ్లు, ఓడ నుంచి సరుకు దించుకోవడానికి తీరం, మూడూ ఒకే చోట దొరికే జాగాలు ఆ ఖండంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాచుకీ, లైకెన్‌కీ, రాతి సందుల్లో గూడు కట్టే స్నో పెట్రెల్ పక్షికీ సరిగ్గా ఆ జాగాలే కావాలి. ధ్రువాల్లో సంరక్షణ ప్రణాళిక అనేదంతా ఈ ఒక్క తగాదాయే.

ఇంతకీ ఆ నేల ఎవరిది? తనదని ఆస్ట్రేలియా అంటుంది. పక్కన కాపురమున్న చైనా, రష్యా, భారత్ ఆ మాట ఒప్పుకోవు. 1959 అంటార్కిటిక్ ఒప్పందంలోని నాలుగో అధికరణం దీనికి అద్భుతమైన పరిష్కారం చూపింది: ఆ మాట ఎత్తవద్దు. కాబట్టి అక్కడ చెత్త పారేసినవాణ్ని పట్టుకోవడానికి స్థానిక పోలీసు అంటూ ఉండడు. ఎవరి మనుషులను వాళ్ల దేశమే దండించుకోవాలి. 1983లో ఒప్పందంలో చేరిన మనం అందుకు తగిన చట్టం 2022లో చేసుకున్నాం. ముప్ఫై తొమ్మిదేళ్లపాటు మన శాస్త్రవేత్తలు చట్టంతో పని లేకుండా మంచివాళ్లుగా ఉన్నారని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇరుగు పొరుగు కలిసి బతకాలంటే కాగితం, అంటే నిర్వహణ ప్రణాళిక, కావాలి. లార్స్‌మన్ హిల్స్‌కు అది 2007లో, మన ఢిల్లీలో జరిగిన ఒప్పంద దేశాల సమావేశంలోనే ఆమోదం పొందింది. ఇలాంటి కాగితం తయారుచేసే పద్ధతి చెబుతాను. ఆ చోట కాపాడదగినది ఏముందో ముందు రాయాలి. అక్షాంశ రేఖాంశాలతో హద్దులు గీసి, పటం జోడించాలి. బండ్లు ఎక్కడిదాకా పోవచ్చు, ఇంధనం పీపాలు ఎక్కడ ఉంచాలి, ఏ చెరువు నీళ్లు ముట్టకూడదు, అన్నీ రాయాలి. ఆ తర్వాత నాలుగు భాషల్లోకి, అంటే ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్‌లలోకి పోవాలి. ఒప్పందం కింద నిర్ణయాధికారమున్న ఇరవై తొమ్మిది దేశాల్లో ఒక్కటి కూడా తల అడ్డంగా ఊపకూడదు. అయిదేళ్లకోసారి తిరగరాయాలి. హద్దులో సముద్రం ముక్క తగిలితే ఆ కాగితం ఆస్ట్రేలియాలో హోబార్ట్‌లోని సముద్ర జీవుల కమిషన్ గడప కూడా తొక్కి రావాలి. ఇక్కడే తెలివైనవాడు హద్దును ఒడ్డున ఆపేస్తాడు.

ఎగతాళి ఎంత చేసినా ఈ చిన్న నియమాలు పనిచేస్తాయి. పక్షుల గుంపుల మీదుగా 610 మీటర్ల కంటే కిందికి విమానం దిగకూడదు, వాటికి 930 మీటర్ల లోపల నేల మీద వాలకూడదు అని 2004లో రాసుకున్న మాటకు పైలట్ దగ్గర ఎత్తు చూపే మీటరు ఉంది. ఎంత అనేది అంకెల్లో ఉంటే ఎగ్గొట్టడం కష్టం. అందుకే పెద్ద విషయాల్లో అంకెలు పెట్టరు. కొత్త స్థావరం కట్టాలంటే ఒప్పందానికి పర్యావరణం కోసం జోడించిన 1991 మాడ్రిడ్ ప్రోటోకాల్ ప్రకారం నష్టం ‘స్వల్పమో తాత్కాలికమో’ అన్నంత వరకేనా, దాన్ని మించుతుందా అని ముందు తేల్చాలి. స్వల్పం అంటే ఎంత, తాత్కాలికం అంటే ఎన్నాళ్లు అన్నది ప్రోటోకాల్ చెప్పదు. మించుతుందంటే పెద్ద నివేదిక రాయాలి, సమావేశానికి 120 రోజుల ముందు అందరికీ పంపాలి. మగ ఎంపరర్ పెంగ్విన్ జత కట్టడం మొదలు కాళ్ల మీద గుడ్డు పొదిగేదాకా, తిండి ముట్టకుండా చలిలో గడిపే కాలం కూడా ఇంచుమించు అంతే. తేడా ఏమిటంటే దాని ఉపవాసం చివర పిల్ల పుడుతుంది. నివేదిక మీద అందరూ అభిప్రాయాలు చెప్పాక, కట్టాలా వద్దా అన్నది కట్టదలచిన దేశమే నిర్ణయించుకుంటుంది.

2014లో లార్స్‌మన్ హిల్స్‌లోని స్టోర్నెస్ ద్వీపకల్పానికి ఇంకో మెట్టు పైన ప్రత్యేక రక్షణ ఇచ్చారు. కారణం అక్కడి అరుదైన బోరాన్, ఫాస్ఫేట్ ఖనిజాలు: బోరల్సిలైట్, ప్రిస్మటైన్, గ్రాండిడియరైట్. పర్మిట్ లేకుండా అడుగు పెట్టకూడదు. మంచి నిర్ణయమే, మనస్ఫూర్తిగా అంటున్నాను. ఖండమంతటా గనులు తవ్వడం ఎలాగూ నిషేధం. ఆ రాళ్లను ఎవరూ పట్టరు, వండరు, క్యాప్సూల్‌లో పెట్టి అమ్మరు. ఎవరికీ ఏమీ పోని చోట ఏకాభిప్రాయం ఎంత హాయిగా కుదురుతుందో చూడండి.

ఇక మన పక్షి. దానికి పిల్లలను పెంచడానికి తీరానికి అతుక్కున్న సముద్రపు మంచు డిసెంబరు దాకా విరగకుండా ఉండాలి. 2022 చివర బెలింగ్స్‌హాసెన్ సముద్రంలో ఆ మంచు ముందే విరిగింది. నీరు అంటని ఈకలు రాకముందే పిల్లలు నీళ్లపాలయ్యాయి. అయిదు గుంపుల్లో నాలుగింటిలో ఆ ఏడాది ఒక్క పిల్లా మిగల్లేదని ఉపగ్రహ చిత్రాల్లో తేలింది. మంచు మీద రెట్ట మరకలు మాయమైతే గుంపు చెదిరిందని గుర్తు. అదే ఏడాది వేసవిలో బెర్లిన్ సమావేశంలో ఎంపరర్ పెంగ్విన్‌ను ‘ప్రత్యేక రక్షిత జాతి’గా చేర్చుదామని ప్రతిపాదన వచ్చింది. దాదాపు అందరూ సరేనన్నారు. రుజువులు చాలవని చైనా అంది. ఒక తల అడ్డంగా ఊగింది, అయిపోయింది. పదిమంది చేరితే పాము చావదని మన పెద్దలు అన్నది ఇలాంటి సభ చూశాకే అయి ఉండాలి. అప్పటికి ఆ జాబితాలో ఉన్న జీవి ఒక్కటే, రాస్ సీల్. మంచుగడ్డల లోపల ఎక్కడో ఉంటుంది, మనిషి కంటపడడమే అరుదు. రక్షణ పొందేవాళ్ల లక్షణం ఇదీ.

క్రిల్ మాత్రం ఎవరికీ పనికిరానిది కాదు. వేలెడు పొడవు లేని ఈ రొయ్య లాంటి జీవిని తిమింగలం తింటుంది, పెంగ్విన్ తింటుంది, ఒమేగా-3 క్యాప్సూళ్ల కంపెనీకీ కావాలి. మేతకు వాసన తెచ్చే సరుకుల్లో క్రిల్ పిండి ఒకటని గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువులు చేసేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. దీన్ని చూసుకునేది హోబార్ట్ కమిషన్‌కు ఆధారమైన, 1982లో అమల్లోకి వచ్చిన ఒప్పందం. అందులో ‘సంరక్షణ’ అనే మాటలో ‘హేతుబద్ధమైన వినియోగం’ కూడా ఇమిడి ఉంటుందని రాసుకున్నారు. కాపాడటంలో తినడం కూడా ఉందన్నమాట. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

అక్కడి లెక్క ఒకటి చూడాలి. అంటార్కిటిక్ ద్వీపకల్పం చుట్టుపక్కల నాలుగు ఉపప్రాంతాల్లో కలిపి ఏడాదికి 6,20,000 టన్నులు దాటకూడదు. వేట అంతా ఒకేచోట పడితే అక్కడి పెంగ్విన్లకు కరువు వస్తుంది గనక దాన్ని పంచారు: 25 శాతం, 45 శాతం, 45 శాతం, 15 శాతం. కూడండి, 130 వస్తుంది. ఇది పొరపాటు కాదు. మంచు ఏ ఏడు ఎటు కమ్ముతుందో తెలియదు గనక ఓడలకు వెసులుబాటు ఉండాలని అలా పెట్టారు. మొత్తం మీద పరిమితి ఉండనే ఉంది. నూటికి నూట ముప్ఫై ఇచ్చినా ఆ పంపకాన్ని నిలుపుకోలేకపోయారు. 2024 అక్టోబరులో పొడిగింపుకు ఏకాభిప్రాయం కుదరక అది మురిగిపోయింది. మరుసటి సీజన్లో ఓడలు ఎక్కువగా క్రిల్ దట్టంగా ఉన్న చోటికే పోయాయి. నవంబరు దాకా సాగాల్సిన వేటను, మొత్తం కోటా మొట్టమొదటిసారి నిండిపోవడంతో, 2025 ఆగస్టు మొదట్లోనే ఆపాల్సి వచ్చింది.

ఈ కమిషన్ ఏమీ చేయలేదనడం అన్యాయం. 2012 నాటికి సముద్ర రక్షిత ప్రాంతాల అల్లిక పూర్తి చేస్తామని 2009లో మాట ఇచ్చి, ఆ ఏడే సౌత్ ఆర్క్‌నీ దగ్గర ఒకటి, 2016లో రాస్ సముద్రంలో 15.5 లక్షల చదరపు కిలోమీటర్లతో మరొకటి సాధించింది. రెండోది 2017 డిసెంబరులో అమల్లోకి వచ్చింది, 35 ఏళ్లకు మాత్రమే, 2052 దాకా. అక్కడి టూత్‌ఫిష్ నలభై ఏళ్లు దాటి బతకగలదు. 2017లో పుట్టిన చేప తన రక్షణ గడువు తీరడాన్ని కళ్లారా చూసి పోవచ్చు.

ఎంపరర్ పెంగ్విన్‌కు ఈ మధ్యలో ఏం చెప్పాలి? సభకు వచ్చి మొర పెట్టుకోమందామా అంటే, ఒప్పందం సభ మే, జూన్‌లలో పడుతుంది, అది గుడ్డు పెట్టే వేళ. హోబార్ట్ సభ అక్టోబరులో, అది పిల్ల నోట్లో తిండి పెట్టే వేళ. స్టోర్నెస్ రాళ్ల మీదికి కాపురం మార్చమందామా అంటే, అక్కడ కాలు పెట్టాలంటే పర్మిట్ కావాలి. ఎవరి పర్మిట్ వాళ్ల దేశమే ఇస్తుంది. పెంగ్విన్ ఏ దేశానిది అన్న ప్రశ్న నాలుగో అధికరణం కిందికి వస్తుంది కాబట్టి ఎత్తకూడదు.