వాల్వు మార్చగానే ప్రీఆంప్ మారిపోతుందా?

వైజాగ్‌లో పాటలు శ్రద్ధగా వినేవాళ్ళ మధ్య ఒక వాట్సాప్ సందేశం తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: ప్రీఆంప్‌లో (పవర్ ఆంప్లిఫయర్‌కి ముందుండి సిగ్నల్‌ని సిద్ధం చేసేది) 12ఏఎక్స్7 అనే వాల్వు (సిగ్నల్‌ని పెంచే గాజు గొట్టం) తీసి 12ఏయూ7 అనే ఇంకో రకం పెడితే శబ్దం మెత్తబడుతుంది, పాత ముల్లార్డ్ కంపెనీ వాల్వయితే గొంతులు వెచ్చగా పలుకుతాయి, వంద గంటలు వాడాక అసలు రుచి తెలుస్తుంది. వాల్వుకీ వాల్వుకీ తేడా లేదని నేననను. ఆ తేడాకు ఈ సందేశం చూపించే కారణాలే నిలబడవు.

మెత్తదనం సంగతి ముందు. 12ఏఎక్స్7 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని మహా అయితే ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే సంఖ్య) 100, 12ఏయూ7ది 20 లోపే. ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చిన సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి దిద్దుకోవడం) లేని స్టేజిలో, 100 కిలోఓమ్‌ల లోడ్ మీద, మొదటిది సిగ్నల్‌ని సుమారు 60 రెట్లు పెంచితే రెండోది 15 రెట్లు పెంచుతుంది. అంటే శబ్దం దాదాపు 12 డెసిబెల్స్ పడిపోయింది! దాన్నే మెత్తదనం అంటున్నారు. "వాల్యూమ్ పెంచి సమానం చేశాం" అంటారు కొందరు. చెవితో చేసిన సమానం చాలదు. అర డెసిబెల్ తేడా ఉన్నా అది ఎక్కువ శబ్దంగా తోచదు, మంచి శబ్దంగా తోస్తుంది. 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజ్ కొలిచి, ఒక శాతం లోపు కలిపాకే వినాలి. (చౌక మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర తప్పు చెబుతాయి, అందుకే 200.)

"తొమ్మిది పిన్నులదేదైనా పడుతుంది" అని ఆ సందేశం కింద ఎవరో కలిపారు. ఇది ప్రమాదకరం. 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులిచ్చే సాకెట్‌లో 6డీజే8 అనే తొమ్మిది పిన్నుల వాల్వు పెడితే, 6.3 వోల్టుల దాని ఫిలమెంట్ మాడిపోతుంది.

ఇక ముల్లార్డ్. పాతవి ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో తయారయ్యేవి. ఇప్పుడు అదే పేరుతో కొత్తగా వచ్చేవి రష్యాలోని సరాతోవ్ ఫ్యాక్టరీవి. పాత కంపెనీలు కూడా ఒకరి సరుకు మీద ఇంకొకరు పేరు అచ్చేసుకునేవి. గాజు మీద పేరు చూసి గొంతు వెచ్చదనం ఎలా చెబుతారు?

నిజమైన తేడా వినాలంటే ఫోనో స్టేజి (రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే భాగం) దగ్గరకి వెళ్ళాలి. అక్కడ కార్ట్రిజ్ (రికార్డు మీద ఆనే ముల్లుండే భాగం) ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే కనుక వాల్వు హిస్, హమ్ బయటపడతాయి. మైక్రోఫోనిక్ వాల్వుని (అదురుని శబ్దంగా మార్చేదాన్ని) వేలితో తడితే స్పీకర్‌లో 'టింగ్' మంటుంది. ప్యాసివ్ ఆర్‌ఐఏఏ సర్క్యూట్ (రికార్డు మీద తగ్గించిన బాస్‌నీ పెంచిన ట్రెబుల్‌నీ ఫీడ్‌బ్యాక్ వాడకుండా సరిచేసేది) అయితే వాల్వు ప్లేట్ రెసిస్టెన్స్ (వాల్వు లోపలి నిరోధం) కూడా లెక్కలో భాగమే. అది మారితే ఆ సరిచేయడం (ఈక్వలైజేషన్) కొంచెం పక్కకి జరుగుతుంది. లైన్ స్టేజిలో (సీడీ ప్లేయర్ లాంటి వాటి సిగ్నల్ అందుకునే భాగంలో), అదీ ఫీడ్‌బ్యాక్ గట్టిగా ఉంటే, మంచి కండిషన్‌లో ఉన్న రెండు 12ఏఎక్స్7ల మధ్య తేడా పట్టుకోవడం చాలా కష్టం.

వంద గంటల మాట? కొత్త వాల్వు మొదట్లో కాస్త స్థిమితపడటం నిజమే. మిగతా గంటల్లో అలవాటు పడేది మన చెవి.

సందేశంలో లేనిది, మన ఊళ్ళో ముఖ్యమైనది ఒకటుంది. బీచ్‌కి దగ్గరి ఇళ్ళలో ఉప్పుగాలికి పిన్నులూ సాకెట్ క్లిప్పులూ చిలుముపడతాయి. కొత్త వాల్వు గుచ్చడంతో ఆ చిలుము గీసుకుపోయి కాంటాక్ట్ బాగుపడుతుంది, పేరు మాత్రం వాల్వుకొస్తుంది. కాబట్టి కొనేముందు సెట్ ఆపి, ప్లగ్ పీకి, చల్లారాక, ఉన్న వాల్వునే తీసి మళ్ళీ గుచ్చి వినండి. దానికే మార్పు వినిపిస్తే సాకెట్ శుభ్రం చేయించండి.