ఆకులు రాలిస్తే చచ్చిపోయినట్టు కాదండీ!

సంక్రాంతికి ఊరెళ్లి నిన్న రాత్రే బెజవాడ వచ్చాం. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా టెర్రస్ మీదికెళ్లి చూస్తే నా అడీనియం కుండీ కింద ఒక ప్లాస్టిక్ పళ్లెం, దాని నిండా నీళ్లు. పుష్యమాసంలో. ఒక్క ఆకు లేని మొక్కకి! దుంప మీద బొటనవేలు పెట్టి నొక్కితే మగ్గిన సపోటాలా లోపలికి దిగిపోయింది. వాసన కూడా మొదలైంది.

పళ్లెం ఎవరు పెట్టారని వాచ్‌మన్‌ని అడుగుతుండగానే పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చారు. "ఆకులన్నీ రాలిపోయి మాడిపోతోందమ్మా పాపం. మీరు లేరు కదా అని నేనే రెండు పూటలా చెంబెడు పోశాను. నీళ్లు కారి టెర్రస్ పాడవుతోందని కింద పళ్లెం కూడా పెట్టాను" అన్నారు. నేను థాంక్స్ చెబుతానని ఎదురుచూస్తున్నారు. నాకు నోట మాట రాలేదు. కిందికొచ్చి ఏడ్చాను.

మా ఆయన అంటున్నారు, ఆవిడ మంచి మనసుతోనే చేసింది కదా, ఎందుకంత కోపం అని. మంచి మనసైతే అడగాలి కదండీ! పాల ప్యాకెట్ ఒకటి ఎక్కువొచ్చిందని పండగ రోజు ఊరికి ఫోన్ చేసిన మనిషి, మొక్కకి నీళ్లు పోయాలా వద్దా అని ఒక్క మాట అడగలేదు. మా అమ్మాయి ఎల్‌కేజీలో ఉన్నప్పుడు గింజ వేసి పెంచిన మొక్క అది. ఇప్పుడు అమ్మాయి ఆరో తరగతి. రెండు కొనల్లోనూ దూది కుచ్చులాంటి పీచు ఉండే సన్నటి గింజ ఇసుకలో పెడితే వారం తిరక్కుండానే మొలిచింది. అప్పటి నుంచి రెండేళ్లకోసారి కుండీ మార్చడం, మార్చినప్పుడల్లా దుంపని ఒక వేలెడు పైకి లేపి నాటడం, పిండినల్లి పట్టినప్పుడల్లా పాత టూత్‌బ్రష్‌తో తోమడం, ఇవన్నీ నేనే చేశాను. గింజ నుంచి వచ్చిన మొక్కకి ఊరే లావాటి దుంప లాంటిది, కొమ్మ గుచ్చి పెంచినదానికి మామూలుగా రాదు. అందుకే అన్నేళ్లు ఆగాను. పది రూపాయల ప్లాస్టిక్ పళ్లెం దాన్ని కుళ్లబెట్టింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అడీనియం అంటే మన నర్సరీల్లో ఎడారి గులాబీ అని అమ్మేది. గులాబీకీ దానికీ చుట్టరికం లేదు, అది గన్నేరు కుటుంబం. పుట్టిల్లు ఆఫ్రికాలో సహారాకి దక్షిణాన ఉన్న మెట్ట ప్రాంతాలు, అరేబియా ద్వీపకల్పం. యెమెన్‌కి చెందిన సొకోత్రా దీవిలో దీని జాతివే బండరాళ్ల సందుల్లో చెట్లంత పెరుగుతాయి. అక్కడ వాన పడేది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో తాగగలిగినంత తాగి మొదట్లో దాచుకుంటుంది. మనం ముద్దుగా దుంప అనుకునేది దాని నీళ్ల ట్యాంకు. నీళ్లు లేని కాలంలో, చలికాలంలో ఆకులు రాల్చేస్తుంది, ఎందుకంటే నీళ్లు ఆవిరైపోయేది ఆకుల్లోంచే. ఆకు లేకపోతే ఖర్చు లేదు. బెజవాడలో చలి పెద్దగా లేకపోయినా డిసెంబరు, జనవరిలో రాత్రిళ్లు చల్లబడగానే చాలా మొక్కలు ఆకులు రాల్చి నిద్రపోతాయి. నిద్రపోయే మొక్క నీళ్లు తాగదు. తాగనప్పుడు పోసిన నీళ్లు మట్టిలోనే ఉండిపోతాయి. వేళ్లకి గాలి ఆడదు, బూజు పడుతుంది, కుళ్లు వేళ్ల నుంచి దుంపలోకి పాకుతుంది. బయటికి కనపడేసరికి లోపల సగం పోయి ఉంటుంది.

ఇంత చిన్న విషయం మొక్కలు అమ్మేవాళ్లే చెప్పరు, అదీ నా బాధ. మొన్న కార్తీకమాసంలో మా చెల్లెలు ఒక నర్సరీలో అడీనియం కొంటుంటే నేను పక్కనే ఉన్నాను. "రోజూ నీళ్లు పోయాలి మేడం" అన్నాడు అమ్మే అబ్బాయి. కుండీలో చూస్తే జిగట మట్టి, పైన అందం కోసం తెల్ల గులకరాళ్లు జిగురుతో అంటించి ఉన్నాయి. మట్టి తడిగా ఉందో లేదో వేలు పెట్టి చూడ్డానికి కూడా లేదు! కడియం నుంచి లారీల్లో మొక్కలు దిగుతాయి, అక్కడ పెంచేవాళ్లకి ఈ పని బాగా తెలుసు. మన ఊళ్లో చేతులు మారేసరికి ఆ తెలివంతా ఎటు పోతుందో! ఇది ఎడారి మొక్క, ఇసుకలో పెట్టండి అని ఒక చీటీ అంటిస్తే వాళ్లకేం పోతుంది? చచ్చిపోతే ఇంకోటి కొంటాం కదా, ఆ ధైర్యం. ఇక గృహప్రవేశాలకి రిటర్న్ గిఫ్ట్ అంటూ గాజు గ్లాసులో, అడుగున చిల్లే లేనిదాంట్లో, ఇలాంటి మొక్కల్ని పెట్టి పంచడం ఒకటి మొదలైంది. ప్రాణం ఉన్నదాన్ని చావడానికి పంచిపెడుతున్నారు. నాకైతే అలా తీసుకోబుద్ధి కాదు.

మన కృష్ణా డెల్టా నల్లమట్టి వరికి బంగారం, దీనికి విషం. ముతక ఇసుక సగం పైన ఉండాలి, ఇటుక ముక్కలు నలగ్గొట్టి కలపాలి, వర్మీ కంపోస్టు ఒక గుప్పెడు చాలు. పోసిన నీళ్లు చూస్తుండగానే కింద చిల్లులోంచి బయటికి వచ్చేయాలి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మట్టి కుండీ అయితే ఇంకా మంచిది. ఎండ ఎంత ఉంటే అంత. రోహిణి కార్తెలో ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలు పగలు కాగి రాత్రంతా వేడి కక్కుతుంటే మనం ఏసీల్లో దూరతామే, అప్పుడు టెర్రస్ మీద అది హాయిగా పూస్తుంది. అప్పుడు పోయండి నీళ్లు, వేలు పెట్టి చూసి మట్టి ఆరితే పోయండి. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మాత్రం సన్‌షేడ్ కిందికి జరపాలి. చలికాలంలో ముట్టుకోకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇల్లు మునిగింది. నీళ్లు దిగాక చూస్తే ఆవిడ కుండీల్లో అన్నీ వేళ్లు కుళ్లి ఉన్నాయి. ఎన్నో ఎండాకాలాలు తట్టుకున్న మొక్కలు అవి. అంత చూశాక కూడా మన ఊళ్లోవాళ్లకి నీళ్లు ఎక్కువైనా చస్తుందన్న మాట తలకెక్కకపోతే ఏం చెప్పాలి?

ఆంటీ విషయం ఇక్కడితో ఆగేది కాదు, ఎందుకంటే ఇదే మొక్క మీద రెండేళ్ల క్రితం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెద్ద రగడ జరిగింది. "పాలు కారే మొక్క ఇంట్లో ఉండకూడదు, అరిష్టం, టెర్రస్ మీద నుంచి తీసేయండి" అని ఒకాయన పెట్టారు. వెంటనే ఇంకో నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. పాలలో విషం ఉన్న మాట నిజం. ఆఫ్రికాలో ఆ రసాన్ని బాణాలకి పూసి వేటాడేవారు. కొమ్మ కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కళ్లకి తగలనివ్వకూడదు, పసిపిల్లలకీ కుక్కపిల్లలకీ అందేలా పెట్టకూడదు. ఇవన్నీ నేను గ్రూపులో రాశాను, నా కుండీలు అందుకే పిట్టగోడ దిమ్మ మీద ఉన్నాయని కూడా చెప్పాను. కానీ అరిష్టం ఏంటండీ? మీ గేటు పక్కన ఉన్న గన్నేరు కూడా విషమే, వేరు నుంచి పువ్వు దాకా. హైవే డివైడర్ మీద పొడవునా పూసేది ఆ గన్నేరే. రోజూ పూజకి కోసుకునే నందివర్ధనం అదే కుటుంబం, గిల్లితే పాలు కారుతాయి. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రాల్లో గన్నేరూ ఉంది, జిల్లేడూ ఉంది. స్వామికి పనికొచ్చిన కుటుంబం నా టెర్రస్ మీద అరిష్టం ఎలా అయింది? ఎవరూ జవాబు ఇవ్వలేదు. మళ్లీ చేతులు జోడించిన బొమ్మలే.

అసలు నాకు ఈ ఆకులు రాలడం అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఎందుకో మా అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లందరికీ తెలుసు. వేపచెట్టు!

మేము ఈ ఫ్లాట్ కొన్నదే ఆ చెట్టు చూసి. మూడో అంతస్తు దాకా వచ్చేది, మా వంటింటి కిటికీలోంచి చేయి పెడితే కొమ్మ అందేది. పడమటెండ మా గోడ మీద పడేది కాదు. దాన్ని మా అసోసియేషన్‌వాళ్లు కొట్టించేశారు. కారణం ఏం చెప్పారో తెలుసా? ఆకులు రాలి కార్ల మీద పడుతున్నాయట! శిశిరంలో వేప ఆకు రాల్చకపోతే ఇంకెప్పుడు రాలుస్తుంది? అది ఆకు రాల్చాలి, లేత చిగురు వేయాలి, ఉగాదికి పూత పూయాలి. ఎన్ని తరాలుగా చూస్తున్నాం దీన్ని! ఇంకో నెల ఓపిక పడితే పచ్చగా కమ్ముకునేది. మాఘమాసంలో ఒక ఆదివారం, నేను మా అత్తగారిని హాస్పిటల్‌కి తీసుకెళ్లిన రోజు చూసి, రంపం మిషను తెప్పించి పని కానిచ్చారు. వచ్చేసరికి మొదలు చుట్టూ తడి పొట్టు, ఆ చేదు వాసన. దాని మీద సిమెంటు పోసి ఇంకో రెండు కార్లకి పార్కింగ్ చేసుకున్నారు. ఆ ఏడాది ఉగాది పచ్చడికి వేపపువ్వు నేను రైతుబజార్‌లో కొన్నాను. మా అత్తగారు ఆ పొట్లం చేతిలో పట్టుకుని కిటికీ వైపు చూసి, "ఇక్కడే కోసేదాన్ని కదే" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. ఇప్పుడు ఏప్రిల్ వచ్చిందంటే మా వంటింట్లో మధ్యాహ్నం నిలబడలేం. కార్లకి మాత్రం రేకుల షెడ్డు వేశారు, అసోసియేషన్ డబ్బుతో.

వేప ఆకు రాలిస్తే చెత్త అని నరికారు. అడీనియం ఆకు రాలిస్తే చచ్చిపోతోందని నీళ్లు పోసి చంపారు. రెండింట్లోనూ చెట్టు తన పని తాను చేసుకుంటోంది. దాని కాలం ఏదో, అది ఎందుకు అలా ఉందో ఒక్క నిమిషం ఆగి చూసినవాళ్లు లేరు. తెలుగు నెలలు నోటికి చదువుతారు, కార్తెలు చెబుతారు, క్యాలెండరు చూడందే గడప దాటరు. కిటికీ అవతల ఉన్న చెట్టుకి ఏ నెలలో ఏం జరుగుతుందో మాత్రం పట్టదు.

పొద్దుటి నుంచి దాని దగ్గరే కూర్చున్నాను. కుండీలోంచి తీసి మట్టంతా దులిపాను. కత్తిని స్పిరిట్‌తో తుడిచి మెత్తబడ్డ చోటల్లా కోసుకుంటూ పోయాను. గోధుమరంగు పోయి తెల్లటి కండ కనపడేదాకా, పాలు బొట్లుగా ఊరేదాకా కోయాలి. గోధుమరంగు చుక్క ఒక్కటి మిగిలినా మళ్లీ మొదలవుతుంది. దుంపలో మూడో వంతు పోయింది. మిగిలినదానికి కార్బెండజిమ్ అనే బూజు మందు పొడి అద్ది, కోత పైకి ఉండేలా తిరగేసి బాల్కనీలో నీడన వేలాడదీశాను. వారం పది రోజుల్లో గాయం ఎండి గట్టిపడితే పొడి ఇసుకలో పెడతాను, వెంటనే నీళ్లు పోయను. బతుకుతుందో లేదో చెప్పలేను. ఇది బతికితే దాని గొప్పే కానీ మన గొప్ప ఏం లేదు.

పక్కింటి మొక్క మీద జాలి కలిగితే దయచేసి బెల్ కొట్టండి. ఊళ్లో లేకపోతే ఫోన్ చేయండి. ఎత్తకపోతే వదిలేయండి. తులసి కాదు, చామంతి కాదు, అడీనియం ఒక నెలపాటు నీళ్లు లేకుండా ఉండగలదు.

ఇక మా అసోసియేషన్‌వాళ్లు కూడా ఈ పోస్ట్ చూస్తారని తెలుసు, చూడాలనే రాస్తున్నాను. ఈ ఆదివారం మీటింగ్‌లో అడగబోయేది ఒక్కటే. ఆ రెండు పార్కింగుల్లో ఒకటి మాది. మా కారు రోడ్డు మీద పెట్టుకుంటాం. అక్కడ సిమెంటు పగలగొట్టించి వేప మొక్క నాటించండి. ఖర్చు నేను పెట్టుకుంటాను, రాలిన ఆకులు రోజూ నేనే ఊడ్చుకుంటాను. కాదనేవాళ్లు గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టకుండా, మీటింగ్‌కి వచ్చి మా అత్తగారి ఎదురుగా కూర్చుని చెప్పండి.