ముందు మల్టీమీటర్ ఇవ్వండి

హైస్కూల్లోనే ఎలక్ట్రానిక్స్ కోర్సు పెట్టాలన్న మీ మాట బాగుంది. నేరుగా ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), రోబోలతో మొదలుపెట్టాలనడమే నాకు నచ్చలేదు. ముందు పిల్లల చేతికి మల్టీమీటర్ (వోల్టేజి, కరెంటు కొలిచే పరికరం) ఇచ్చి చిన్న సర్క్యూట్లు కట్టించాలంటాను. ఓమ్ నియమం లెక్కలు మన పదో తరగతి పిల్లలు చకచకా చేసేస్తారు. అదే చేతికి 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ ఇచ్చి ఏ రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే భాగం) వేయాలో అడగండి, దిక్కులు చూస్తారు. ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోతే మిగతా 7 రెసిస్టర్ మీద పడాలి. 470 ఓమ్‌లు వేస్తే దాదాపు 15 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది, దానికి అది చాలు. రెసిస్టర్ లేకుండా కలిపితే ఎల్‌ఈడీ మాడిపోవచ్చు (ఒకటి మాడనివ్వండి, పోయేది కొద్ది రూపాయలేగా). బడిలో పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబుకు కేంద్రం 20 లక్షల దాకా ఇస్తుంది, సరే. మా విజయవాడలో ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటుంటే, ల్యాబుకు రెండు పీరియడ్లు వరుసగా ఎవరిస్తారండీ?