జడ వేయడానికి జుట్టు కావాలి

సింగపూర్‌లో పాతతరం వాళ్ళను అడిగితే ఆ పోస్టరు గురించి ఇప్పటికీ చెబుతారు. 1970లలో ప్రభుత్వ కార్యాలయాల్లో అంటించారు. పొడవు జుట్టున్న మగవారి పని అందరికన్నా చివర చూస్తామని దాని సారాంశం. పొడవంటే ఎంతో బొమ్మలు వేసి మరీ చూపించారు: ముందు కనుబొమలను తాకకూడదు, పక్కన చెవులను కప్పకూడదు, వెనుక చొక్కా కాలరు దాటి దిగకూడదు. 1972లో ఇక్కడ కచేరీ చేయాల్సిన లెడ్ జెప్లిన్ అనే బ్రిటిష్ రాక్ బృందాన్ని జుట్టు కారణంగానే దేశంలోకి అడుగు పెట్టనివ్వలేదు. కచేరీ రద్దయింది. హిప్పీల మత్తుమందుల అలవాటు తమ పిల్లలకు ఎక్కడ అంటుకుంటుందోనని అప్పుడే కాళ్ళ మీద నిలబడుతున్న ఒక చిన్న దేశం పడిన భయం అది.

పక్కనున్న మలేషియాలో ఈ వ్యవహారం ఇంకా ఆలస్యంగా జరిగింది. 1992లో అక్కడి సమాచార శాఖ మంత్రి మహమ్మద్ రహమత్ పొడవు జుట్టున్న రాక్ గాయకులను ప్రభుత్వ టీవీలో కనిపించకుండా చేశారు. సర్చ్, వింగ్స్ బృందాలకు అప్పట్లో దేశమంతా అభిమానులు ఉండేవారు. చివరికి వాళ్ళు కత్తెరకు తలవంచక తప్పలేదు.

ఆ రోజులు పోయాయి. ఇప్పుడు సింగపూర్‌కు ఎంత జుట్టున్న గాయకుడైనా వచ్చి పాడి వెళ్ళవచ్చు. అయితే ఆ పోస్టరులోని కొలతలు మన తెలుగువాళ్ళ వేడుకల్లో ఇంకా బతికే ఉన్నాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నృత్య కార్యక్రమాలకు అలంకరణలో సాయం చేయడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈ మధ్య ఒక వేడుకలో ఒక కుర్రాడు కూచిపూడి ఆడాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. స్కూల్లో ఉన్నంతకాలం కాలరు దాటని క్రాపు, ఆ తర్వాత రెండేళ్ళ సైనిక సేవలో గుండు. అది ముగిసి యూనివర్సిటీలో చేరాక, సత్యభామ వేషం వేయాలన్న కోరికతో జుట్టు పెంచడం మొదలుపెట్టాడు. వేదిక మీదికి పిలిచేటప్పుడు వ్యాఖ్యాత మైకులో, “ఇప్పుడు వస్తున్నది అబ్బాయా, అమ్మాయా? మీరే చెప్పాలి!” అన్నారు. హాలంతా నవ్వింది. తెర వెనుక నా పక్కనే నిలబడి ఉన్న అతని ముఖం చూశాను. అప్పటిదాకా గజ్జెలు సరిచూసుకుంటూ ఉత్సాహంగా ఉన్న పిల్లవాడు ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. కార్యక్రమం అయ్యాక ఒక పెద్దాయన వచ్చి భుజం తట్టి, “బాగా ఆడావు బాబూ, ఆ జులపాలు మాత్రం తీయించెయ్. విగ్గులు దొరుకుతాయి కదా” అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. అందుకే మరీ బాధ కలిగింది.

విగ్గు సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి చెబుతాను. సత్యభామ జడ మామూలు జడ కాదు. సవరం కలిపి బారుగా అల్లి, తలపైన సూర్యచంద్రులను అమర్చి, పొడవునా బిళ్ళలు కుట్టి, చివర జడకుప్పెలు వేలాడదీస్తే దాని బరువు మెడను వెనక్కి లాగుతుంది. సొంత జుట్టు ఉంటే దాన్ని బిగించి ముడివేసి, సవరాన్ని అందులో కలిపి అల్లవచ్చు, పిన్నులు గట్టిగా పట్టుకుంటాయి. పొట్టి క్రాపు మీద అలా పట్టు దొరకదు. చురుకైన జతి పడి తల విసిరిన ప్రతిసారీ విగ్గు ఒక అంగుళం జారుతుంది, నర్తకుడి ధ్యాసలో సగం దాని మీదే ఉంటుంది. గట్టిగా బిగిస్తే అరగంటలో తలనొప్పి మొదలవుతుంది. ఆ కుర్రాడు జుట్టు పెంచింది ఫ్యాషను కోసం కాదు. ఒకవేళ ఫ్యాషను కోసమే పెంచుకున్నా అడిగే హక్కు మనకు లేదు, అది వేరే మాట.

సత్యభామ కథతో నడిచే కూచిపూడి నృత్యనాటకం భామాకలాపం చూసినవారికి జడ ఘట్టం గుర్తుండే ఉంటుంది. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనుక నుంచి సత్యభామ తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నన్ను మించి ఆడగలవారుంటే రండి, ఓడితే ఈ జడ కోసి ఇస్తానని సవాలు. తరతరాలుగా ఆ జడను అలా వేసినవారు మగవారే. ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా కూచిపూడి మేళాల్లో ఆడవేషాలన్నీ వాళ్ళవే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా వేదిక ఎక్కితే పేరంటాళ్ళు కూడా ఆ నడక చూసి నేర్చుకోవాలనేవారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాటకరంగంలో ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారిదీ అదే ఘనత, 1956లోనే పద్మశ్రీ అందుకున్నారు. వీళ్ళ పేర్లు మన సావనీర్లలో గర్వంగా అచ్చు వేసుకుంటాం. అదే దారిలో నడవాలనుకున్న పిల్లవాడిని మాత్రం మైకులో ఎగతాళి చేస్తాం.

సినిమా దగ్గరా ఇదే వరస. భుజాల దాకా జుట్టు జాలువారే ఎన్టీఆర్ కృష్ణుడి బొమ్మను మన పెద్దలు పూజగదిలో పెట్టుకున్నారు. బాహుబలిలో ప్రభాస్ జుట్టు చూసి పిల్లల నుంచి తాతల దాకా మురిసిపోయారు. పుష్ప కోసం అల్లు అర్జున్ జుట్టూ గడ్డమూ పెంచితే, ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు అందుకున్న తొలి తెలుగు హీరో అయ్యాడని మిఠాయిలు పంచుకున్నాం. దశాబ్దాల పాటు అదే తెర మీద, సాంఘిక చిత్రాల్లో, జులపాల జుట్టు ప్రతినాయకుడి అనుచరుడికే ఉండేది. గొలుసు తిప్పుతూ హీరోయిన్ దారికి అడ్డం నిలబడేవాడి తల అలాగే ఉండేది. ఆ ముద్ర మన కళ్ళలో ఎంత లోతుగా దిగిందంటే, పేరున్న హీరో కానివాడు జుట్టు పెంచితే మొదట మనకు తట్టేది ఆ రౌడీయే.

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఉద్యోగం ఎవరిస్తారు, సంబంధాలు చూసేటప్పుడు ఏమనుకుంటారు అని వాళ్ళు కంగారు పడతారు. పరాయి దేశంలో మర్యాద నిలబెట్టుకోవడానికి పడిన పాట్ల నుంచి పుట్టిన భయం అది. బడికి ఒక క్రమశిక్షణ కావాలి, సైన్యానికి మరొకటి కావాలి, వాటి అవసరాలు వాటివి. మన కళల్ని కాపాడుకోవడానికి పెట్టుకున్న వేదిక ఆ కొలతలనే అరువు తెచ్చుకోవడం నాకు మింగుడుపడదు.

ఈ వేడుకలు జరిపే కార్యవర్గంలో ఉన్నవారికి నాదొక విన్నపం. వ్యాఖ్యాతలకు ముందుగానే చెప్పండి, కళాకారుడి జుట్టు మీద, ఒంటి మీద, వేషం మీద హాస్యం వద్దని. పరిచయ వాక్యాలు ఆ పిల్లల చేతనే రాయించి, వాటినే చదివించండి. కూచిపూడి తరగతుల ప్రకటనల్లో అమ్మాయిల ఫొటోలతో పాటు అబ్బాయిలవీ వేయండి. వచ్చే ఉగాదికి ఆ కుర్రాడిని భామాకలాపం ఆడమని మళ్ళీ పిలవండి. ఇంకా జుట్టు తీయించలేదు, అడిగితే ఒప్పుకుంటాడనే నా నమ్మకం. జడ నేను వేస్తాను.